ఉసిరి కొమ్మా, పెయింటు బకెట్టూ

(విజయవాడలో ఒక వాకర్స్ క్లబ్ సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే లేచి నడిచేవాళ్లతో మాట్లాడటం నాకు తేలిక. బయటికి రండి అని మీకు చెప్పక్కర్లేదు. వచ్చాక ఒకచోట ఆగండి అని చెబితే చాలు.

పోయిన కార్తీకంలో బంధువులు వనభోజనాలకు పిలిచారు. గుంటూరు దాటాక ఒక తోట. తోట అన్నారు గానీ నాలుగు కొబ్బరిచెట్లు, ఒక షామియానా, మైకు, మా కులం పేరుతో పెద్ద ఫ్లెక్సీ. ఉసిరిచెట్టు మాత్రం లేదు. దాని కింద తింటేనే కదా పుణ్యం! అందుకని ఎవరో తెల్లారేసరికే వెళ్లి ఒక కొమ్మ నరుక్కొచ్చి, ఖాళీ పెయింటు బకెట్లో ఇసుక పోసి గుచ్చారు. దాని చుట్టూ కూర్చుని అందరం భోంచేశాం. పులిహోర బాగుంది, కాదనను.

భోజనాలయ్యాక మా మనవరాలు ఆ కొమ్మ నుంచి ఒక రెమ్మ తుంచి "తాతయ్యా, ఇది చింతాకేనా?" అంది. అడగాల్సిన ప్రశ్నే. దూరం నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. పక్క రోడ్డు మీద చింతచెట్టు ఉంటే వెళ్లి ఒక ఆకు తెచ్చాం. రెండూ అరచేతిలో పెట్టుకుని చూశాం. చింతాకులో చిన్నాకులు ఎదురెదురుగా, జంటలు జంటలుగా ఉన్నాయి. ఉసిరిలో ఒకటి అటు, ఒకటి ఇటు. ఉసిరికాయకు తొడిమ ఉందా లేదా అన్నట్టు కొమ్మకే అతుక్కుని ఉంది. ఇదంతా పది నిమిషాల పని. ఆ రోజు మొత్తంలో వనభోజనం అనదగ్గది ఆ పది నిమిషాలే అని నాకనిపించింది.

చలికాలంలో జనాన్ని ఆరుబయటికి తీసుకెళ్లి చెట్టూ పిట్టా చూపించే కార్యక్రమాలు ఇప్పుడు చాలాచోట్ల నడుస్తున్నాయి. ఇదేదో విదేశాల నుంచి వచ్చిన కొత్త ఫ్యాషన్ అని కొందరు అంటారు. కార్తీకంలో ఊరంతా కలిసి తోటకు పోవడం మనకు ఎప్పటి నుంచో ఉన్నదే. మన ఎండలకు అది తెలివైన ఏర్పాటు కూడా. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. కార్తీకం నుంచి శివరాత్రి దాకా, ఆ నాలుగు నెలలే మనకు బయట నిలబడటానికి వీలు. కాకపోతే చెట్టు పోయి బకెట్టు మిగిలింది.

నేనేం తక్కువ తినలేదు. పాతికేళ్లు బయాలజీ చెప్పాను. ఒక స్కూలు తరఫున మొదటిసారి పిల్లల్ని పక్షులు గూళ్లు కట్టే ఉప్పలపాడు చెరువుకు తీసుకెళ్లినప్పుడు రెండు బస్సులు, ఎనభై మంది, టోపీలు, సర్టిఫికెట్లు. మైకు కూడా పట్టుకెళ్లాను! టిఫిన్ పొట్లాలు పంచేసరికి తొమ్మిదిన్నర. ఎండెక్కింది. నేను మైకులో పక్షుల వలస గురించి దంచుతుంటే పిల్లలు సెల్ఫీల్లో పడ్డారు. తిరిగొచ్చాక ఒకణ్ణి ఏం చూశావురా అని అడిగితే, "కొంగలు సార్" అన్నాడు. వాడి తప్పు కాదు.

ఆ మరుసటి చలికాలం ఆరుగురితో వెళ్లాను. అందులో ఇద్దరు గృహిణులు, ఒక బ్యాంకు ఉద్యోగి, ముగ్గురు కాలేజీ పిల్లలు. ఒక్కసారి కాదు, ఐదు ఆదివారాలు. అదే చెరువు, అదే గట్టు, పొద్దున్న ఆరున్నరకే. ఉప్పలపాడు గుంటూరుకు ఎనిమిది కిలోమీటర్లే. చెరువు మధ్యలో తుమ్మచెట్ల మీద గూళ్లు, ఒక్కో చెట్టు అపార్ట్‌మెంటులా ఉంటుంది. మొదటి ఆదివారం పక్షులు పుల్లలు మోసుకొస్తున్నాయి. నాలుగో ఆదివారానికి కొన్ని గూళ్లలో తెల్లటి నూగుతో పిల్లలు. ఎండ పెరిగేసరికి తల్లి రెక్కలు గొడుగులా పట్టి పిల్లల మీద నీడ వేసింది. దాన్ని చూస్తూ బ్యాంకు ఉద్యోగి అరగంట మాట్లాడలేదు. ఆయన మామూలుగా బాగా మాట్లాడతాడు.

అక్కడ ముఖ్యంగా చూడాల్సినవి రెండు. ఒకటి ఎర్రకాళ్ల కొంగ. తోక దగ్గర లేత గులాబీ ఈకలు ఉంటాయి, ఎవరో కుంచెతో రెండు గీతలు గీసినట్టు. అది నీళ్లలో ముక్కు కాస్త తెరిచి అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. చేపను కంటితో వెతకదు. ముక్కుకు తగిలిన క్షణమే చటుక్కున మూసేస్తుంది. బురదనీళ్లయినా దానికి ఇబ్బంది లేనిది అందుకే. రెండోది గూడబాతు, అదే పెలికాన్. కింది ముక్కుకు వేలాడే సంచితో నీళ్లతో సహా చేపను ఎత్తి, నీళ్లు వదిలేసి మింగుతుంది. పాతరోజుల్లో కాలవ నుంచి పొలానికి ఇద్దరు తాళ్లు పట్టుకుని గూడ వేసేవాళ్లు, అంటే బుట్టతో నీళ్లు తోడిపోసేవాళ్లు, మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. ఆ పేరు పెట్టినవాడు గూడ వేసిన రైతే అయ్యుంటాడని నా నమ్మకం.

ఇక్కడ ఒక మాట సరిచేయాలి. ఈ రెంటినీ సైబీరియా పక్షులు అంటూ చాలామంది రాస్తారు, గైడ్లూ అదే చెబుతారు. కావు. ఇవి మన దేశం పక్షులే. నీళ్లూ చేపలూ ఉన్నచోటికి తిరుగుతూ, ఇక్కడే గూడు కట్టి ఇక్కడే పిల్లల్ని పెంచుతాయి. నిజంగా దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతులు ఉత్తరాది చలి దేశాల నుంచి కొల్లేరు దాకా వస్తాయి. మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే గులాబీ గోరింకలు సాయంత్రం ఆకాశంలో మేఘంలా మడతలు పడుతూ తిరిగి చెట్ల మీద వాలతాయి. వాటి గోల వినాలంటే ఐదింటికి వెళ్లాలి. సైబీరియా అంటే గొప్పగా వినిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మన ఊళ్లో పుట్టిన పక్షిని పరాయిదాన్ని చేస్తే, దాని చెరువు బాగోగులు కూడా పరాయివాళ్ల పని అయిపోతుంది.

కొండపల్లి గురించి రెండు ముక్కలు. మన ఇళ్లల్లో అంబారీ ఏనుగు, దశావతారాల బొమ్మలు ఉంటాయి. ఆ బొమ్మ చెక్కే తెల్లపొణికి చెట్టును మీలో ఎంతమంది చూశారు? (ఇద్దరు చేతులెత్తారు.) ఇద్దరు. సంతోషం. కర్ర బెండులా తేలిక. ముక్కలు అతికించడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. బొమ్మల కాలనీ చూసి వెనక్కి రాకుండా, తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని కొండ మీద ఆ చెట్టు దాకా వెళ్లండి. అప్పుడు అంబారీ ఏనుగును చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది.

సూర్యలంక తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే కార్యక్రమానికి వెళ్లి నేను కోపంతో తిరిగొచ్చాను. తల్లి తాబేలు ఇసుకలో వందకు పైగా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికొచ్చి వెలుతురున్న వైపు, అంటే సముద్రం వైపు పాకుతాయి. ఆ వేకువలో మనవాళ్లు ముప్పై ఫోన్ల లైట్లు వెలిగించారు. ఆ పిల్లలు ఎటు వెళ్లాలో తెలియక గిర్రున తిరిగాయి. ఒకాయన ఒకదాన్ని చేతిలోకి తీసుకుని స్టేటస్‌లో పెట్టుకున్నాడు. నిర్వాహకులు ఒక్కమాట కూడా అనలేదు. మీరు వెళితే ఫోన్ జేబులోనే ఉంచండి.

ఇంకొకటి, ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టల లెక్క జరుగుతుంది. 1998లో మొదలైంది. ఒకచోట పదిహేను నిమిషాలు నిలబడి, కనిపించిన పిట్టలు ఎన్నో రాసి పంపడమే. మేడ మీద నుంచైనా చేయొచ్చు. పేర్లు ఇంగ్లీషులో రావని టెన్షన్ వద్దు. లకుముకి, జెముడుకాకి, పాలపిట్ట, తీతువు, నీటికాకి అన్న పేర్లు మీకు వచ్చినవే. పక్కన ఉన్న కాలేజీ పిల్లలు ఇంగ్లీషు పేరు రాస్తారు, మీరు తెలుగు పేరు చెప్పండి. ఇద్దరికీ లాభమే.

ఇక మన కార్యక్రమం. వచ్చే ఆదివారం పొద్దున ఆరుంబావుకు సీతానగరం ఘాటు దగ్గర కలుద్దాం. ఈ రోజుల్లో గేట్లు దించి ఉంటే ప్రకాశం బ్యారేజీ దిగువన రాళ్ల మధ్య మడుగులు మిగులుతాయి. చేపలు అక్కడ చిక్కుకుంటాయి, కొంగలు అక్కడికే చేరతాయి. రాయి మీద రెక్కలు విప్పి ఆరేసుకునే నీటికాకులు తప్పకుండా కనిపిస్తాయి. వాటి ఈకలు బాతు ఈకల్లా నీటిని పూర్తిగా ఆపలేవు, తడుస్తాయి. మునిగి వేటాడాక ఆరబెట్టుకోక తప్పదు.

పన్నెండు మందికే చోటు. పేర్లు తలుపు దగ్గర రాయించండి, మిగిలినవాళ్లకు ఆ పై ఆదివారం. ఎర్రచొక్కాలు, సెంట్లు వద్దు. బూట్లు వేసుకోండి. పొద్దుటెండకు గట్ల మీద రక్తపింజరి పడుకునే కాలమిది, గడ్డిలో అడుగు చూసుకుని వేయాలి. బైనాక్యులర్లు నా దగ్గర మూడున్నాయి, వంతులవారీగా చూద్దాం. టిఫిన్ మాత్రం ఎనిమిదిన్నర తర్వాతే. ముందు పెడితే ఆ స్కూలు పిల్లలతో ఏమైందో ఇప్పుడే చెప్పాను కదా.