పాత తెరచాప పడవ మీది టేకు పని

సభకు నమస్కారం. 1960లు, 70లలో అమెరికా, ఐరోపాలలో ఫైబర్‌గ్లాసుతో తయారైన చిన్న తెరచాప పడవల్లో కొయ్యకు మిగిలిన చోటు కొంచెమే: డెక్కు అంచున పట్టీ, చేతితో పట్టుకునే కమ్మీలు, చుక్కాని దగ్గర కూర్చునే చోటు చుట్టూ నిలువు పలకలు, లోపలికి దిగే దారి మీది జారుతలుపు. ఇవి ఎక్కువగా టేకువే. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ‘ట్రింకోమలీ’ యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నేటికీ తేలుతూనే ఉందంటే, ఆ చేవ గురించి వేరే చెప్పనక్కరలేదు. నిజానికి టేకుకు వార్నిష్ అవసరం లేదు. వదిలేస్తే బూడిదరంగుకు తిరిగి ఏళ్ల తరబడి నిలుస్తుంది. వార్నిష్ అనేది యజమాని ముచ్చట మాత్రమే, కాని ఆ ముచ్చటకు పూనుకున్నాక సగం పని చేయడం కంటే మానుకోవడం మేలు.

పూత పైభాగాన్ని ఎండ మెల్లగా తినేస్తుంది. అంతకంటే వేగంగా పూతను లేపేది, మర రంధ్రాల నుంచీ అతుకుల నుంచీ పలకల కొసల నుంచీ లోపలికి దిగిన నీరు. ఇనుము తగిలిన చోట అదే నీరు నల్లమచ్చగా కనబడుతుంది. కాబట్టి లోహపు బిగింపులను అలాగే ఉంచి వాటి చుట్టూ కుంచె తిప్పడం నాకు పనిగా తోచదు. వాటిని విప్పి, రంధ్రాలలోపల కూడా వార్నిష్ పట్టించి, కింద నీరు చొరనివ్వని కొత్త సీలెంటు వేసి బిగించాలి. మర తలలను కప్పే కొయ్య బిరడాలను ఎపాక్సీ జిగురుతో కాక వార్నిష్‌తోనే అతికిస్తే, మళ్లీ విప్పవలసి వచ్చినప్పుడు పలక చీలదు.

నల్లమచ్చలకు ఆగ్జాలిక్ ఆమ్లపు ద్రావణం పూసి, బాగా కడిగి ఆరనివ్వాలి. కడిగేటప్పుడు బ్రష్షును కొయ్య నార పొడవునా రుద్దితే మెత్తని భాగం కొట్టుకుపోయి గాడులు పడతాయి, అందుకే అడ్డంగా రుద్దాలి. ఉప్పుకాగితం మాత్రం నార వెంటే నడవాలి. గరుకైన 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి నున్నని 220 నంబరు వరకు వెళితే చాలు. ఇనుప పీచు దగ్గరికి రానివ్వకండి, దాని తునకలు తుప్పు పడతాయి. టేకులో సహజంగా ఉండే నూనె పూతను పట్టనివ్వదు కనుక, అసిటోన్‌తో తుడిచిన వెంటనే, సగానికి సగం పలచన చేసిన మొదటి పూత వేయాలి. తర్వాతివి క్రమంగా చిక్కబడుతూ, నడుమ తేలికగా రుద్దుకుంటూ, ఆరేడు పొరలైనా పడాలి. మిట్టమధ్యాహ్నం వేస్తే బుడగలు, సాయంత్రం వేస్తే మంచు. ఇంటి తలుపులకు వాడే గట్టి వార్నిష్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఎండకూ తడికీ కొయ్య ఉబ్బి కుంచించుకున్నప్పుడు అది పగులుతుంది. ఆ తరువాత ఎక్కడ గీత పడినా ఏడాది చివరిదాకా ఆగకుండా, అక్కడ తడి ఆరిన రోజునే ఒక చుక్క వార్నిష్ వేయండి.