ఉమ్మడి క్లస్టర్‌పై నెక్స్ట్‌ఫ్లో, స్నేక్‌మేక్: ఏది ఎవరికి?

నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి చూస్తున్న తెలుగు విద్యార్థులకు, పరిశోధకులకు స్వాగతం. ఎన్నో దశలున్న డేటా విశ్లేషణను, అంటే పైప్‌లైన్‌ను, వరుస తప్పకుండా నడిపే రెండు సాఫ్ట్‌వేర్లను, 2012లో వెలువడిన స్నేక్‌మేక్‌ను, 2013లో బార్సిలోనాలో మొదలైన నెక్స్ట్‌ఫ్లోను ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. ల్యాప్‌టాప్‌పై ఈ రెండూ బాగానే నడుస్తాయి కాబట్టి ఆ సంగతి వదిలేసి, పనులకు వంతులు కేటాయించే స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ అజమాయిషీలో ఎందరో పంచుకునే క్లస్టర్‌పై (కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపుపై) వీటి నడవడిక ఎలా ఉంటుందో మాత్రమే చూద్దాం.

మన కోరాపుట్ దేశవాళీ వరి రకాలనే ఉదాహరణగా తీసుకోండి. వరి జీనోమ్ సుమారు 39 కోట్ల బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు), మనిషి జీనోమ్‌లో దాదాపు ఎనిమిదో వంతు. అయినా వంద రకాలకు నాణ్యత పరీక్ష, అలైన్‌మెంట్ (డీఎన్‌ఏ ముక్కలను ప్రామాణిక జీనోమ్‌తో పోల్చి అమర్చడం), సార్టింగ్, డూప్లికేట్ల గుర్తింపు, వేరియంట్ కాలింగ్ (తేడాలను పట్టుకోవడం) అంటే, క్లస్టర్‌కు అప్పగించే ఒక్కో పని ఒక జాబ్ చొప్పున, 500 జాబ్‌లవుతాయి.

నెక్స్ట్‌ఫ్లోలో ఎగ్జిక్యూటర్‌గా (జాబ్‌లను నడిపించేదిగా) స్లర్మ్‌ను పేర్కొంటే చాలు, జాబ్‌లన్నీ అదే పంపుతుంది. వేరే పరిమితి పెట్టకపోతే ఒకేసారి వందకు మించి క్యూలోకి తోయదు. దీనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది మెమరీ విషయంలో ఇచ్చే వెసులుబాటు. మెమరీ చాలక జాబ్ చనిపోతే, సాధారణంగా 137 అనే ఎగ్జిట్ కోడ్‌తో ఆగుతుంది. అప్పుడు రెండో ప్రయత్నంలో రెట్టింపు మెమరీ అడిగేలా ముందే రాసిపెట్టుకోవచ్చు. ఇది తెలియక చాలామంది ప్రతి దశకూ 64 జీబీ కోరతారు. పదిమంది భోజనానికి పెళ్లి గుండిగ కావాలని పట్టుబట్టినట్టే ఇది: అంత మెమరీ ఖాళీ అయ్యేదాకా మన జాబ్ క్యూలోనే ఉంటుంది, మొదలయ్యాక వాడని మెమరీ ఇతరులకు అందకుండా పోతుంది.

దీని అసలు లోపం వర్క్ డైరెక్టరీ. ప్రతి టాస్క్‌కూ అందులో ఒక ఫోల్డర్ పుడుతుంది, మధ్యంతర ఫైళ్లన్నీ అక్కడే పేరుకుంటాయి, తుది ఫలితాలను కాపీ చేయమంటే ఆ మేరకు డిస్క్ రెండింతలు ఖర్చవుతుంది. పరిమాణంతోపాటు ఫైళ్ల సంఖ్యపైనా కోటా ఉన్నచోట ఇది త్వరగా ముదురుతుంది. పోనీ తుడిచేద్దామంటే, ఆగిన చోటినుంచి కొనసాగించే రెజ్యూమ్ సదుపాయం ఆ ఫోల్డర్ల మీదే ఆధారపడి ఉంది. పాత ఫైళ్లను తనంతట తానే తొలగించే స్క్రాచ్ డిస్క్‌పై పనిచేసేవారు ఈ సంగతి ముందే గమనించాలి.

స్నేక్‌మేక్ కావలసిన తుది ఫైలు నుంచి వెనక్కి లెక్క కడుతుంది; ఉన్న ఫైలును, దాని ఇన్‌పుట్లు, కోడ్ వంటివి మారనంతవరకు, మళ్లీ తయారుచేయదు. తాత్కాలికమని గుర్తించిన ఫైళ్లను అవసరం తీరగానే చెరిపేస్తుంది కాబట్టి కోటా తక్కువున్నవారికి ఇదే మేలు. పైథాన్ వచ్చినవారికి చదవడమూ తేలిక. నెక్స్ట్‌ఫ్లోలోని గ్రూవీ భాష రాత నా కంటికి ఇప్పటికీ ఇంపుగా ఉండదు. అయితే 2023 చివర్లో వచ్చిన ఎనిమిదో వెర్షన్‌లో స్లర్మ్ కోసం ప్లగిన్‌ను వేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ‘--cluster’ అనే పాత ఆప్షన్‌తో రాసిన ఆదేశాలు అందులో పనిచేయవు.

రెండింటికీ వర్తించే మాటలు రెండున్నాయి. జాబ్‌లను పంపే ప్రధాన ప్రాసెస్ చివరిదాకా బతికుండాలి. వర్షాకాలంలో కొండ ప్రాంతం నుంచి లాగిన్ అయ్యేవారికి నెట్ తెగితే దానితోపాటే అదీ పోతుంది. కాబట్టి దానిని టీమక్స్‌లో (నెట్ తెగినా సెషన్‌ను నిలిపి ఉంచే సాధనంలో) నడపండి, మనం లాగిన్ అయ్యే కంప్యూటరైన లాగిన్ నోడ్‌పై అనుమతి లేకపోతే ఒక కోర్‌తో ఎక్కువ గడువున్న చిన్న జాబ్‌గా పంపండి. ఇక సాఫ్ట్‌వేర్‌ను దానికి కావలసినవాటితో కలిపి ఇమేజ్ అనే ఒకే మూటగా కట్టి నడిపే డాకర్‌కు రూట్ స్థాయి (నిర్వాహకుడి) అధికారం కావాలి కనుక ఉమ్మడి క్లస్టర్లలో సాధారణంగా ఇవ్వరు. అక్కడ ఆప్టైనర్ వాడాలి, అంటే పూర్వపు సింగ్యులారిటీయే. జాబ్‌లు నడిచే కంప్యూట్ నోడ్లకు ఇంటర్నెట్ లేనిచోట ఇమేజ్‌లను ముందే దించుకోండి, వాటిని హోమ్ డైరెక్టరీలో మాత్రం పెట్టకండి.

నెక్స్ట్‌ఫ్లో పైప్‌లైన్లు రాసి అందరితో పంచుకునే ఎన్‌ఎఫ్‌-కోర్ బృందం వారి సిద్ధమైన పైప్‌లైన్లు మీ పనికి సరిపోతే నెక్స్ట్‌ఫ్లోనే ఎంచుకోండి. పైప్‌లైన్ సొంతంగా రాసుకుంటూ, డిస్క్ ఇరుకుగా ఉంటే స్నేక్‌మేక్ నా ఎంపిక. ఏది ఎంచుకున్నా ముందు రెండు మూడు రకాలతో నడిపి, ప్రతి దశా నిజంగా వాడిన మెమరీని స్లర్మ్‌లోని ఎస్‌ఆక్ట్ (sacct) ఆదేశంతో చూసుకుని, ఆ అంకెలను కాన్ఫిగ్ ఫైల్లో రాశాకే మిగతా రకాలను క్యూలోకి పంపండి.