బిట్‌కాయిన్ ఇచ్చి బాకీ పుచ్చుకున్నవాళ్లు

శ్రోతలకు నమస్కారం.

'ఫలానాయన ఐపీ పెట్టాడట' అన్న మాట ఊళ్లో పొక్కిందంటే చాలు, అప్పిచ్చినవాళ్లంతా ఆయన గుమ్మం ముందు ఉంటారు. కొట్లో సరుకెంత, పొలం ఎవరి పేరున ఉంది, బావమరిది పేరుకి ఎప్పుడు మార్చాడు, అన్నీ ఆరా తీస్తారు. ఇవాళ చెప్పబోయేది అమెరికాలో పడిన ఓ పెద్ద ఐపీ సంగతి. ఇక్కడ సరుకు చాలావరకు క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేలు. ఆరా మాత్రం అచ్చం అలాంటిదే.

కంపెనీ పేరు సెల్సియస్ నెట్‌వర్క్. న్యూజెర్సీలోని హోబోకెన్ ఊరు. 2017లో మొదలైంది. నడిపినాయన అలెక్స్ మషిన్‌స్కీ. 'బ్యాంకులు మీ స్నేహితులు కావు' అని రాసున్న టీషర్టు వేసుకుని తిరిగేవాడు. మీ క్రిప్టో మా దగ్గర ఉంచండి, వడ్డీ ఇస్తాం అన్నాడు. కొన్నిటి మీద ఏడాదికి నూటికి 17 దాకా ఆశపెట్టారు. జనం ఉంచారు. 2022 జూన్ 12, ఆదివారం రాత్రి, డబ్బు వెనక్కి తీసుకోవడం ఆపేశామని ప్రకటన వచ్చింది. జులై 13న న్యూయార్క్ దివాలా కోర్టులో పిటిషన్ పడింది. లెక్క తీస్తే ఖాతాదారులకు ఇవ్వాల్సింది సుమారు 470 కోట్ల డాలర్లు, మొత్తం మీద లోటు దాదాపు 120 కోట్లు.

అప్పుడు ఖాతాదారులు అడిగింది ఒక్కటే: నా బిట్‌కాయిన్ నాకివ్వండి. న్యాయమూర్తి మార్టిన్ గ్లెన్ ముందు తేలాల్సిందీ అదే. అసలు అది నీదేనా?

వడ్డీ వచ్చే ఖాతాకి 'ఎర్న్' అని పేరు. ఖాతా తెరిచేటప్పుడు ఫోన్లో షరతులు వస్తాయి కదా, మనం వేలితో గబగబా కిందికి తోసేసి ఒప్పుకున్నాను అని నొక్కేసేవి. ఆ షరతుల్లోనే ఉంది, ఈ నాణేల మీద యాజమాన్య హక్కు కంపెనీదే అని. 2023 జనవరి 4న జడ్జిగారు అదే ఖాయం చేశారు. సుమారు 6 లక్షల ఖాతాలు, 420 కోట్ల డాలర్ల సొత్తు. అది కంపెనీ ఆస్తి, మీరు హామీ లేకుండా అప్పిచ్చినవాళ్లు, వరసలో నిలబడండి. వడ్డీ లేకుండా కేవలం దాచుకునే 'కస్టడీ' ఖాతా వాళ్లది వేరే కథ. అక్కడ సొత్తు ఖాతాదారుదేనని షరతుల్లోనే రాసి ఉంది. నాకు ఈ కేసులో అన్నిటికంటే గుచ్చుకునే ముక్క ఇదే. ఒకే యాప్, ఒకే మనిషి, పక్కపక్కన రెండు ఖాతాలు. ఒక దాంట్లో సొంతదారు, రెండో దాంట్లో అప్పిచ్చినవాడు.

ఇక బావమరిది సంగతి. దివాలాకి ముందు 90 రోజుల్లో డబ్బు బయటికి పోయి ఉంటే, దాన్ని వెనక్కి రప్పించే వీలు అమెరికా చట్టంలో ఉంది. మునిగే పడవలోంచి ముందు దూకినవాడు మిగతావాళ్ల వాటా పట్టుకుపోకూడదన్నది దాని ఉద్దేశం. సెల్సియస్‌లో ఆ మూడు నెలల్లో లక్ష డాలర్లకు పైగా తీసుకున్నవాళ్లకి నోటీసులు వెళ్లాయి. 2024 జులై నాటికి వేల సంఖ్యలో దావాలు పడ్డాయి. వాళ్లలో చాలామంది ఏ గుట్టూ తెలీక, భయపడి తీసుకున్నవాళ్లే. అయినా చట్టం మనసులు చూడదు, తేదీలు చూస్తుంది.

ఆ తేదీయే మిగతావాళ్లనీ కొట్టింది. బాకీలన్నిటినీ దివాలా పెట్టిన రోజు ధరకి డాలర్లలోకి మార్చేశారు. ఆ రోజు బిట్‌కాయిన్ 20 వేల డాలర్లకు కాస్త తక్కువ. ఒక బిట్‌కాయిన్ ఉంచిన మనిషి పేరున కోర్టు పుస్తకంలో పడింది ఆ 20 వేలే. 2024 జనవరి 31న పంపకాలు మొదలయ్యేటప్పుడు లెక్కకి పట్టిన ధర దాదాపు 43 వేలు. అందుకని మొదటి విడతలో అతని చేతికొచ్చింది రమారమి పావు బిట్‌కాయిన్ విలువ. అదీ సగం బిట్‌కాయిన్‌లో, సగం ఈథర్ అనే మరో క్రిప్టోలో. పైన అయానిక్ డిజిటల్ అనే కొత్త మైనింగ్ కంపెనీలో, అంటే కంప్యూటర్లతో బిట్‌కాయిన్లు పుట్టించే కంపెనీలో, కొన్ని షేర్లు. బాకీ 5 వేల డాలర్లలోపు ఉన్న చిన్నవాళ్లకి మాత్రం నూటికి 70 చొప్పున ఒక్కసారే ఇచ్చేశారు.

అమెరికాలో ఉన్నవాళ్లకి పేపాల్ అనే చెల్లింపుల యాప్ ద్వారా, బయటి దేశాల్లో చాలామందికి కాయిన్‌బేస్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ ద్వారా పంపారు. ఒక కోడ్‌తో ఈమెయిల్ వస్తుంది, దాన్ని నొక్కి తీసుకోవాలి. అసలు తంటా అక్కడే. 2022లో కోర్టులో దాఖలైన 14 వేల పేజీల పట్టికలో ఖాతాదారుల పేర్లూ మొత్తాలూ లోకానికి తెలిసిపోయాయి. ఆ తర్వాత దొంగ ఈమెయిళ్లు వెల్లువెత్తాయి. అసలు కోడ్ వచ్చినా నమ్మాలో వద్దో తెలీని స్థితి.

2024 నవంబరులో రెండో విడత, 2025 ఆగస్టులో మూడోది. మొత్తం చెల్లింపులు బాకీలో నూటికి దాదాపు 65కి చేరాయి. మషిన్‌స్కీ నేరం ఒప్పుకున్నాడు, 2025 మేలో 12 ఏళ్ల జైలు పడింది. ఇక సెల్సియస్‌కి అప్పిచ్చిన టెథర్ అనే క్రిప్టో కంపెనీ మీది దావా. ఆ అప్పుకి తాకట్టు కింద ఉన్న సుమారు 40 వేల బిట్‌కాయిన్లను, ఇంకా తాకట్టు పెట్టమని అడిగి ఇచ్చిన 10 గంటల గడువు తీరకుండానే అమ్మేశారన్నది సెల్సియస్ పక్షం ఆరోపణ. 2025 అక్టోబరులో దాదాపు 30 కోట్ల డాలర్లు కట్టడానికి టెథర్ రాజీపడింది. అప్పటికి ఒక బిట్‌కాయిన్ ధర లక్ష డాలర్లు దాటి ఉంది. పంచే పుస్తకంలో మాత్రం దాని వెల ఇంకా 2022 జులై 13 నాటిదే.