మొదటి గంట లెక్క చాలదు

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు నమస్కారం. సమయం తక్కువ కాబట్టి నేరుగా, హైడ్రోజన్ తీసే నికెల్ ఉత్ప్రేరకానికి ఆధారంగా వాడదామనుకునే మట్టి దగ్గరికే వస్తాను.

గూడూరు అభ్రకం సంగతి నెల్లూరులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. దానికి దగ్గరి చుట్టమైన వర్మిక్యులైట్ అనే పొరల ఖనిజం కూడా మన నేలలో ఉంది. ఇక రేగడి చేను వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చేది అందులోని మాంట్‌మోరిల్లొనైట్ అనే పొరల బంకమట్టి ఖనిజం వల్లే. నీళ్లు చేరితే పొరలు ఎడమవుతాయి, నీళ్లు పోతే అతుక్కుంటాయి.

గ్లిజరాల్‌నో ఇథనాల్‌నో ఆవిరితో కలిపి 500–650 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ తీసే నికెల్‌కు ఈ మట్టిని ఆధారం చేద్దామంటే మొదటి చిక్కు అదే. ఆ వేడికి పొరలు మూసుకుపోతాయి. అందుకని మధ్యలో అల్యూమినియం ఆక్సైడ్ స్తంభాలు నిలుపుతాం. అల్యూమినియం క్లోరైడ్ ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేస్తూ, ఒక అల్యూమినియం అయాన్‌కు 2.4 హైడ్రాక్సిల్ అయాన్ల చొప్పున కలపాలి. దాన్ని ఊరనిచ్చి, నీళ్లలో చెదరగొట్టిన మట్టిలో పోయాలి. కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ వేసినా తెల్లబడకుండా పోయేదాకా, అంటే క్లోరైడ్ వదిలేదాకా, కడగాలి. 500 డిగ్రీల్లో కాల్చాక పొరల దూరం 17, 18 ఆంగ్‌స్ట్రామ్‌ల (మీటరులో వెయ్యి కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) దగ్గర నిలుస్తుంది. చేలో మట్టిని మాత్రం తెచ్చింది తెచ్చినట్టు వాడకండి, అందులో సున్నం, ఇసుక ఉంటాయి.

9 గ్రాముల మట్టి మీద 1 గ్రాము నికెల్ కావాలంటే నికెల్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 4.95 గ్రాములు తీసుకోవాలి. మట్టి పీల్చుకోగలిగినన్ని నీళ్లలోనే కరిగించండి. నీళ్లు ఎక్కువైతే ఆరేటప్పుడు లవణం పైకొచ్చి గడ్డకడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా అనాలి. ప్రాజెక్టు రిపోర్టుల్లో మొదటి గంట దిగుబడి రాసి ముగిస్తున్నారు. మొదటి గంటలో నికెల్ దాదాపు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది! మట్టికి ఆమ్లగుణం ఉంది, మనం నిలిపిన స్తంభాలు దాన్ని ఇంకా పెంచుతాయి. ఆ ఆమ్లస్థానాల మీద ఇథనాల్ నీటిని వదిలి ఇథిలీన్ అవుతుంది, ఇథిలీన్ బొగ్గవుతుంది. బొగ్గు పేరుకునేకొద్దీ ఉత్ప్రేరకం నింపిన గొట్టం పూడుకుపోయి గేజ్‌లో ప్రెషర్ ఎక్కుతుంది. ఒక చిక్కు తీర్చబోయి ఇంకోటి తెచ్చుకున్నామన్నమాట. దీనికి మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) గానీ లాంథనం ఆక్సైడ్ గానీ కొద్దిగా చేర్చి ఆమ్లత్వం తగ్గించాలి. ఆవిరికీ పిసినారితనం పనికిరాదు. ఒక్కో కార్బన్ పరమాణువుకు మూడు నీటి అణువులంటే 92 గ్రాముల గ్లిజరాల్‌కు 162 గ్రాములు. బయోడీజిల్ నుంచి వచ్చే ముడి గ్లిజరాల్‌లో ఉప్పు, సబ్బు మిగిలి ఉంటాయి. వాటిని తీయకపోతే నికెల్ చచ్చిపోతుంది.

ముందు వరుసలోని విద్యార్థులూ, మిమ్మల్నే అడుగుతున్నాను. కనీసం 50 గంటలు నడపండి. వాడిన ఉత్ప్రేరకాన్ని గాలిలో కాల్చి బరువు తగ్గుదల చూడండి. అదే సమయంలో నికెల్ ఆక్సైడ్‌గా మారుతుందని మరవొద్దు. 10 శాతం నికెల్ ఉంటే బరువు 2.7 శాతం దాకా పెరుగుతుంది, అది కలపకపోతే బొగ్గు తక్కువగా కనబడుతుంది. గొట్టం విప్పేముందు నైట్రోజన్‌లో 1 శాతం ఆక్సిజన్ కలిపి, చల్లగా, నెమ్మదిగా పంపండి. క్షయీకరించిన, అంటే ఆక్సిజన్ తీసేసిన నికెల్‌కు ఒక్కసారిగా గాలి తగిలితే ఎర్రగా రాజుకుంటుంది. కాల్చి తూచాల్సిన ఆ బొగ్గు, తూకం దాకా రాకుండానే కాలిపోతుంది.