ముల్లు చూసి ప్లేయర్ కొనండి

సభకు నమస్కారం.

"నాన్నగారి రికార్డులు అటక మీద ఉన్నాయి. ఎక్కడికైనా పట్టుకెళ్లి వినగలిగే చిన్న ప్లేయర్ ఏది కొనమంటారు?" అని తిరుపతిలో ఈమధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. ముందు అటక మీదివి దించి చూడమంటాను. ఏ రికార్డులున్నాయో తెలియకుండా ఏ ప్లేయర్ కొనాలో చెప్పలేం.

మన జిల్లా ఇళ్లలో తరచుగా రెండు రకాలూ కలిసే ఉంటాయి. చిత్తూరు నాగయ్య గారి తొలినాళ్ల పాటలు నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డుల మీద వచ్చాయి. దేవస్థానం కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిన ఐదు రికార్డుల సంపుటి వినైల్ ఎల్.పి.లు, వేగం 33⅓. తేడా వేగంతో ఆగదు. 78 రికార్డు గాడి వెడల్పైనది, దానికి కొన వ్యాసార్ధం దాదాపు 75 మైక్రాన్లుండే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ముల్లు కావాలి. ఎల్.పి. గాడికి 18 నుంచి 25 మైక్రాన్ల కొన సరిపోతుంది. సన్న ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున పడి దొర్లుతుంది, గొంతుకన్నా గరగర ఎక్కువ వినిపిస్తుంది. లావు ముల్లు ఎల్.పి. మీద పెడితే గాడి అంచులే దెబ్బతింటాయి.

అందుకే మూడు వేగాల మీట ఉన్నంత మాత్రాన మోసపోకండి. ఇప్పుడు దొరికే సూట్‌కేస్ ప్లేయర్లలో చాలావాటికి 78 అంకె ఉంటుంది, ముల్లు మాత్రం ఎల్.పి.ది. పాత పోర్టబుల్ ప్లేయర్లు కొన్నింటిలో ఒకే తలకు, అంటే ముల్లు బిగించే కార్ట్‌రిడ్జ్‌కు, రెండు ముళ్లుండేవి. చిన్న మీట తిప్పితే ఒకటి పైకి పోయి రెండోది కిందికి వచ్చేది. అలాంటిది బాగున్న స్థితిలో దొరికితే, రెండు రకాలూ ఉన్నవారికి నేను మొదట చెప్పేది అదే.

కీ ఇచ్చి తిప్పే పెట్టె గ్రామఫోను సంగతి వేరు. కరెంటు అక్కర్లేదు, లక్క రికార్డుకు దాని గొంతు అందమే అందం. కానీ ముల్లు బిగించే దాని సౌండ్‌బాక్స్ బరువు వంద గ్రాములు దాటి గాడి మీద పడుతుంది. ఒక్కో వైపుకు ఉక్కు ముల్లు మార్చాలి. ఎల్.పి. మీద దాన్ని ఒక్కసారి కూడా వాల్చకండి, దయచేసి.

బరువు మాట వచ్చింది కనుక ఇది చూడండి. ఇది నగలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు. 2011లో వచ్చిన రకం రూపాయి నాణెం పెడితే 3.8 గ్రాముల దగ్గర నిలిచింది, అంటే త్రాసు సరిగానే ఉంది. ఇప్పుడు ప్లేయర్ చెయ్యిని మెల్లగా దీని మీద వాలుస్తున్నాను, ముల్లు సరిగ్గా మధ్యలో ఆనేలా. అయస్కాంత కార్ట్‌రిడ్జ్ అయితే రెండు నుంచి నాలుగు గ్రాముల్లో ఉండాలి. చవక రకం సిరామిక్ తలలు ఐదారు గ్రాములు నొక్కుతాయి. ఒకసారికి ఏమీ కాదు. రోజూ అదే పాట వేసే ఇంట్లో మాత్రం గాడి త్వరగా అరుగుతుంది. మారు ముల్లు దొరకని ప్లేయర్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఇక మోటారు. రికార్డు అంచున చిన్న కాగితం ముక్క అంటించి మూడు నిమిషాలు లెక్కపెట్టండి. 33⅓ వేగంలో సరిగ్గా నూరు చుట్లు రావాలి. లెక్క కుదిరినా చెవితో కూడా చూడాలి. తంబూరా స్పష్టంగా వినిపించే కచేరీ రికార్డు వేయండి. మోటారు తడబడితే శ్రుతి ఊగుతుంది. సినిమా పాటల హోరులో పట్టుబడని లోపం తంబూరా దగ్గర వెంటనే దొరికిపోతుంది.

పాతది కొంటే బ్యాటరీ గది తెరిచి చూడండి, కారిన మరకలుంటే రేకులు తుప్పు పట్టి ఉంటాయి. రబ్బరు బెల్టు సాగిందేమో చూడండి. బయటి స్పీకరుకు తగిలించే వీలుండాలి. పెట్టెలోని స్పీకరు శబ్దం పెంచితే ఆ అదురు ముల్లుకు చేరుతుంది. మన ఎండల్లో రికార్డులను మూసిన కారులో వదలకండి, వినైల్ వంకర పోతుంది.

కొట్లో మొదటి పాట వినిపించి ఒప్పించాలని చూస్తారు. ఎల్.పి.లో లోపలి చుట్లు చిన్నవి, ముల్లుకు కష్టం అక్కడే. ఆ వైపు చివరి పాట వేయమనండి. అక్కడ 'స', 'శ' అక్షరాలు చీలకుండా వినిపిస్తే ధర మాట్లాడండి.