కార్న్ స్నేక్ పిల్లల రంగు: గుడ్డు పగలకముందే లెక్కేయడం ఎలా

నమస్కారం అండీ. ఈ వీడియోలో పాముని చేతిలోకి తీసుకోవడం, ఎలుక పెట్టడం లాంటివేమీ ఉండవు. ఒక కాగితం, ఒక పెన్ను, అంతే. మీ దగ్గరున్న ఆడ, మగ కార్న్ స్నేక్‌లని జత కలిపితే పిల్లలు ఏ రంగులో వస్తాయో ముందే ఎలా లెక్కేయాలో చూద్దాం. కార్న్ స్నేక్ అంటే ఇక్కడ అమెరికాలో ఫ్లోరిడా, జార్జియా, కరోలినాల వైపు అడవుల్లో తిరిగే విషం లేని పాము, పెంపుడు పాముల్లో దీనికి గిరాకీ ఎక్కువ. ఊరి నుంచి చూసేవాళ్లకి ఒక్క మాట, ఇది చూసి జెర్రిపోతుని పట్టి డబ్బాలో పెట్టకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

సరే, అసలు సంగతికి వద్దాం. మామూలు కార్న్ స్నేక్ ఒంటి మీద నలుపు, ఎరుపు రెండూ ఉంటాయి. నలుపు తయారవ్వకపోతే అది అమెల్, నారింజ రంగు ఒళ్లు, ఎర్రటి కంటిపాప. ఎరుపు తయారవ్వకపోతే అనెరీ, మొత్తం బూడిద, నలుపు. రెండూ లేకపోతే స్నో, తెలుపులో లేత గులాబీ. ఇప్పుడు షాపుల్లో కనిపించే అమెల్‌ల కథ 1953లో నార్త్ కరోలినా అడవిలో దొరికిన ఒక అల్బినో పాముతో మొదలైంది. ఆ నలుపు ఎందుకు పోతుందో 2015లో జెనీవా యూనివర్సిటీ వాళ్లు తేల్చారు, ఓసీఏ2 అనే జన్యువు మధ్యలో ఎక్కడిదో ఇంకో డీఎన్‌ఏ ముక్క వచ్చి ఇరుక్కుంది, అందుకే అది పని చేయడం లేదు.

ఇప్పుడు కాగితం చూడండి. ప్రతి జన్యువుకీ రెండు కాపీలు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. పని చేసే కాపీకి ప్లస్, చేయనిదానికి మైనస్ అని రాస్తున్నాను. రెండు ప్లస్‌లున్నా, ఒక ప్లస్ ఒక మైనస్ ఉన్నా పాము నార్మల్‌గానే కనిపిస్తుంది. రెండూ మైనస్ అయితేనే రంగు మారుతుంది. ఆ ఒక్క మైనస్‌ని లోపల మోస్తూ పైకి మామూలుగా కనిపించేదాన్ని హెట్ అంటారు. మనల్ని ముప్పుతిప్పలు పెట్టేది ఈ హెట్టే, కంటితో చూసి కనిపెట్టలేం కాబట్టి.

అమెల్‌కీ అనెరీకీ జత కట్టించారనుకోండి. చాలామంది స్నోలు వచ్చేస్తాయని ఆశపడతారు. రావు! పిల్లలన్నీ నార్మల్‌గా పుడతాయి, ఎందుకంటే అమెల్‌లో ఎరుపు ప్లస్‌లు ఉన్నాయి, అనెరీలో నలుపు ప్లస్‌లు ఉన్నాయి, ఒకదాని లోటు ఇంకోటి పూడ్చేస్తుంది. కానీ ఆ పిల్లల్లో ప్రతి ఒక్కటీ రెండింటికీ హెట్.

ఆ హెట్‌లని రెండింటిని పెంచి మళ్లీ జత కలిపితే ఏంటి? చాలాచోట్ల పదహారు గళ్ల పట్టిక గీయమంటారు. నేను గీయను, గళ్లు నింపేసరికి బుర్ర తిరిగిపోతుంది. దేనికది విడిగా చూసి గుణించండి. తల్లి నుంచి మైనస్ రావడానికి సగం అవకాశం, తండ్రి నుంచి రావడానికీ సగం, కాబట్టి నలుపు పోవడానికి నాలుగింట ఒక వంతు, ఎరుపు పోవడానికీ నాలుగింట ఒక వంతు. రెండూ పోవాలంటే నాలుగు నాలుగుల పదహారు, అంటే స్నో పదహారింట ఒకటి. నలుపు మాత్రమే పోవాలంటే పావు వంతుని ముప్పావుతో గుణిస్తే పదహారింట మూడు, అది అమెల్. అనెరీ కూడా అంతే. మిగతా తొమ్మిది వంతులు నార్మల్.

ఇక్కడే అసలు తిరకాసు. పదహారు గుడ్లు పెట్టింది కాబట్టి ఒక స్నో ఖాయం అనుకుంటారు. అలా కాదండీ. ఇది బొమ్మా బొరుసా వేసినట్టు, ప్రతి గుడ్డుకీ విడిగా, పక్క గుడ్డులో ఏం పడిందో దీనికి సంబంధం లేదు. లెక్క కడితే పదహారు గుడ్లలో ఒక్క స్నో కూడా రాకపోవడానికి దాదాపు 36 శాతం అవకాశం ఉంది. మూడోవంతు పైనే! అందుకని ఆ హెట్‌ని ఇంకో హెట్‌తో కాకుండా, దొరికితే, ఒక స్నోతో జత కట్టండి. అప్పుడు నార్మల్, అమెల్, అనెరీ, స్నో ఒక్కోటి నాలుగింట ఒక వంతు, పదహారు గుడ్లలో ఒక్క స్నో కూడా లేకపోయే అవకాశం ఒక్క శాతానికి పడిపోతుంది. ఒక స్నో కొనడానికి డబ్బు ఖర్చవుతుంది, నిజమే, కానీ ఏళ్లు కలిసొస్తాయి, పిల్లని పెంచి గుడ్లు పెట్టించే వయసుకి తేవడానికి మూడేళ్లు దాకా పడుతుంది మరి.

అమ్మేవాళ్లు డబ్బా మీద "66 శాతం హెట్" అని రాస్తారు. పాములో 66 శాతం హెట్ ఉందని కాదు. హెట్, హెట్ జతకి పుట్టిన నార్మల్ పిల్లల్లో మూడింట రెండు మైనస్‌ని మోస్తాయి, ఏ రెండో ఎవరికీ తెలియదు. తేల్చుకోవాలంటే అమెల్‌తో జత కట్టి చూడటమే. ఒక్క అమెల్ పిల్ల పుట్టినా హెట్ అని రుజువైపోయినట్టే. ఎనిమిది పిల్లలు పుట్టి ఎనిమిదీ నార్మలే అయితే, అది నిజంగా హెట్ అయ్యుండి అలా జరిగే అవకాశం 256లో ఒకటి, నేనైతే ఇంక వదిలేస్తాను.

ఇంకోటి, చూడ్డానికి ఒకేలా ఉన్నవి ఒకే జన్యువు కానక్కర్లేదు. చార్‌కోల్ అని ఒక రకం ఉంది, అచ్చం అనెరీలాగే బూడిద రంగు. ఆ రెండిటినీ జత కడితే నార్మల్ పిల్లలే వస్తాయి, అప్పుడు అమ్మినవాణ్ణి తిట్టి లాభం లేదు. టెస్సెరా అని ఇంకో రకం ఉంది, దాని సంగతి వేరు, దానికి ఒక్క కాపీ చాలు, వెన్ను మీద పొడుగు చార బయటపడుతుంది, కాబట్టి ఒక్క కాపీ ఉన్న టెస్సెరాకీ మామూలుదానికీ పుట్టినవాటిలో సగం టెస్సెరాలు. ఇక సౌత్ కరోలినాలోని ఓకీటీ ప్రాంతం పేరుతో అమ్మే రకానికి ఈ ప్లస్ మైనస్‌లు పనికిరావు, అది ఒక్క జన్యువు పని కాదు, మచ్చల చుట్టూ దట్టమైన నల్ల అంచు ఉన్నవాటినే ఏరి ఏరి తరాలుగా జత కట్టి తెచ్చింది. అక్కడ తల్లినీ తండ్రినీ చూసి అంచనా వేయాల్సిందే.

గుడ్లు పెట్టాక 27, 28 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచితే సుమారు రెండు నెలలకి పగులుతాయి. పిల్ల గుడ్డుకి గాటు పెట్టి ముక్కు బయట పెడుతుంది చూడండి, అప్పుడే కన్ను చూసేయండి. ఎర్రగా ఉంటే అమెల్ గానీ స్నో గానీ. నల్లగా ఉంటే నార్మల్ గానీ అనెరీ గానీ, అవి పూర్తిగా బయటికొచ్చాక మెడ మీద మచ్చల మధ్య నారింజ ఛాయ ఉందా లేదా చూడాలి. అక్కడ నిదానంగా చూడండి, కొత్త పిల్లల రంగు కాస్త మసకగానే ఉంటుంది. మొదటి కుబుసం విడిచాక మళ్లీ ఒకసారి చూస్తే తేలిపోతుంది. అనెరీకి పెద్దయ్యాక మెడ కింద పసుపు వస్తే కంగారు పడొద్దు, అది తిండి వల్ల వచ్చే రంగు.

లెక్కలో లేని రంగు పుడితే? ముందు పాత జతల రికార్డు తీయండి. ఆడ పాము మగదాని వీర్యాన్ని ఒంట్లో నెలల తరబడి దాచుకోగలదు, అంటే ఆ పిల్లలకి తండ్రి పోయినసారి జత కట్టిన మగది అయ్యుండొచ్చు. అందుకే ఆడదాన్ని కొనేటప్పుడు అంతకుముందు దేనితో కలిపారో అడిగి, తేదీతో సహా రాసుకోండి. పిల్లల్ని అమ్మేటప్పుడు మీరు కూడా డబ్బా మీద రుజువైన హెట్ అయితే హెట్ అని, కాకపోతే పాజిబుల్ హెట్ అని, తల్లిదండ్రులు ఏ రకమో పక్కనే రాసి ఇవ్వండి.