పిల్లలు తగ్గారు సరే, చెట్టెక్కేదెవరు?

బావ: ఆయ్, వచ్చేశాం. పోయిన వారం చెప్పినట్టే ఇవాళ జననాలు తగ్గితే ఊళ్లో పనులెవరు చేస్తారో మాట్లాడుకుందాం. అంకెలు నువ్వు చెప్పరా.





చిన్నోడు: 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. దక్షిణ కొరియా అయితే 2023లో 0.72కి పడిపోయింది.

బావ: మూడేళ్లుగా నేను మొత్తుకునేది అదే కదా, కొబ్బరి చెట్టెక్కి కాయలు దించే దింపు మనిషి దొరకట్లేదని!

చిన్నోడు: మొదలెట్టావా బావా.

బావ: మొదలెట్టక? రెండు నెలలకోసారి కాయలు దింపించాలి, ఇప్పుడు మూడో నెల నడుస్తోంది. ఎండు కాయలు వాటంతటవే రాలుతున్నాయి. మొన్న మీ అక్క బట్టలారేస్తుంటే జానెడు దూరంలో పడింది. ఊళ్లో ఎక్కేవాళ్లు ముగ్గురే, వాళ్లలో అందరికంటే చిన్నవాడికే యాభై దాటాయి.

చిన్నోడు: అది పిల్లలు పుట్టక కాదు. ఆయనకిద్దరు కొడుకులున్నారు, ఒకడు కువైట్‌లో, ఒకడు హైదరాబాద్‌లో. పడితే నడుం విరిగే పనికి ఏ తండ్రి కొడుకుని పంపుతాడు?

బావ: పంపమని నేనూ అనను. కానీ ఆయన తండ్రికి ఆరుగురు. ఇద్దరు వలస పోయినా నలుగురు ఊళ్లో ఉండేవాళ్లు. ఇప్పుడున్నదే ఇద్దరు, ఇద్దరూ పోతే ఇల్లు ఖాళీ.

చిన్నోడు: ...సరే, అది ఒప్పుకుంటా. అయినా నాట్లకి బెంగాల్ ముఠాలు వస్తున్నాయిగా?

బావ: వాళ్లకి మాత్రం పిల్లలెక్కువా?

చిన్నోడు: లేదు, అదే సర్వేలో అక్కడ 1.6.

బావ: మనకంటే తక్కువా! మరి ఇంకో ఇరవై ఏళ్లకి ఊడుపులకి ఎవరొస్తార్రా?

చిన్నోడు: కోతకి మిషన్ రాలేదా? అలాగే వస్తుంది.

బావ: వస్తే రానీ. మంచాన పడ్డ మనిషిని పక్కకి తిప్పే మిషన్ ఏదీ?

చిన్నోడు: అత్తయ్యకెలా ఉంది?

బావ: రాత్రిళ్లు చూసుకునే ఆవిడ మానేసింది. అడిగినంత ఇస్తామన్నా ఇంకెవరూ రావట్లేదు. చెల్లేమో డాలస్ నుంచి ఫోన్‌లో ఏడుస్తుంది. నేనొక్కణ్ణే లేపి కూర్చోబెడుతున్నా.

చిన్నోడు: నాకు చెప్పొచ్చుగా బావా. రాత్రికి నేనొస్తా.

బావ: ...ఆ పంచాయతీ రూలు గురించి చెప్తానన్నావు.

చిన్నోడు: అదా, ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారన్నది 2024లో తీసేశారు.

బావ: తీసేస్తే కనేస్తారా? ఒక్కడి స్కూలు ఫీజుకే తాకట్టు పెడుతుంటే... ఉండుండు, గేటు చప్పుడు. దింపు ఆయనేనేమో, రికార్డింగ్ ఆపెయ్, ఆపెయ్రా, మళ్లీ వెళ్లిపోతాడు.